పాఠం 14: వాడిన కత్తి – వీడియో గేమ్ కోసం పాతబడిన తల్వారు నమూనా

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వాడిన ఇనుప వస్తువు మీది గుర్తులను చూసి, వాటి కారణాలను చెప్పగలుగుతారు.
• తల్వారు భాగాలను గుర్తించి, కొలతలతో బొమ్మ గీయగలుగుతారు.
• గేమ్‌కు తగిన తేలికైన త్రీడీ నమూనాను ఎలా నిర్మించాలో వివరించగలుగుతారు.
• టెక్స్చర్‌కు ఎంత పరిమాణం కావాలో లెక్క కట్టగలుగుతారు.
• అరుగుదల, తుప్పు, గీతలను సరైన వరుసలో పొరలుగా వేయగలుగుతారు.

14.1 ప్రవేశిక

మీ ఇంట్లో కత్తిపీట ఉందా? ఉంటే దాన్ని వెలుతురులోకి తెచ్చి, పక్కన పెట్టుకొని ఈ పాఠం చదవండి. లేకపోతే కొడవలి గాని, గొడ్డలి గాని, బాగా వాడిన చాకు గాని సరిపోతుంది.

కొన్న రోజున కత్తిపీట వాదర ఒకే వంపుతో ఉండేది. ఇప్పుడు చూడండి. కూరగాయలు ఎక్కువగా తరిగే చోట వాదర లోపలికి అరిగి ఉంటుంది. సాన పట్టిన గీతలు వాదర పక్కనే, దాదాపు ఒకే వైపుకు వాలి కనిపిస్తాయి. అలుగును పీటకు బిగించిన మూలలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి అక్కడ తుప్పు ఉంటుంది. మామిడికాయ తరిగి వెంటనే కడగకపోతే నల్లని మరక మిగులుతుంది. కాలితో తొక్కిపట్టే చోట పీట చెక్క నున్నబడి మెరుస్తుంది. ఎవరూ చెప్పకుండానే మీరు ఆ వస్తువు చరిత్రను చదవగలిగారు కదా!

వీడియో గేమ్ కోసం పాత కత్తిని తయారుచేసేవారి పని కూడా ఇదే. కాకపోతే వారు రెండో కొస నుంచి మొదలుపెడతారు. మీరు గుర్తులను చూసి చరిత్రను తెలుసుకొన్నారు. వారు ముందు చరిత్రను నిర్ణయించుకొని, దానినుంచి గుర్తులను తయారుచేస్తారు.

కొత్తగా నేర్చుకొనేవారు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. మంచి కత్తి నమూనా తయారుచేసి, దానిమీద అంతటా సమానంగా తుప్పు రంగు చల్లుతారు, అన్ని అంచులూ అరిగినట్లు చూపిస్తారు. ఆట ఆడేవారు తప్పు ఎక్కడుందో చెప్పలేకపోవచ్చు. కాని ఆ కత్తి ఎవరి చేతిలోనూ ఉన్నట్లు వారికి అనిపించదు. ఈ పాఠం నేర్పే సూత్రం ఒక్కటే: కారణం లేని గుర్తు పెట్టకూడదు.

మీరు చదువు మధ్యలో మానివేసి పొలంలోనో, కొలిమి దగ్గరో, మరమ్మతుల షెడ్డులోనో పనిచేసి ఉండవచ్చు. ఆ అనుభవం ఈ పనిలో వృథా కాదు. పార ఎక్కడ అరుగుతుందో, నూనె రాయని కొడవలికి ముందుగా ఎక్కడ తుప్పు పడుతుందో మీకు తెలుసు. కంప్యూటరు మీటలు కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు. చూసే కన్ను మాత్రం ఏళ్ళ పనితోనే వస్తుంది.

గమనిక: 14.2 నుంచి 14.4 వరకు ఉన్న భాగాలకు కాగితం, పెన్సిలు, స్కేలు చాలు. తరువాతి భాగాలకు కంప్యూటరు, త్రీడీ సాఫ్ట్‌వేర్ కావాలి. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఉచితంగా లభిస్తున్నది.

14.2 తల్వారు భాగాలు

తల్వారు భారత ఉపఖండంలో శతాబ్దాలపాటు వాడుకలో ఉన్న వంపు కత్తి. మొగలుల కాలంలో ఇది చాలా ప్రాంతాలకు వ్యాపించింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగంలో ఇటువంటి కత్తులను చూడవచ్చు. తల్వారులో మనం గుర్తించవలసిన భాగాలు ఇవి:

అలుగు: కత్తి కోసే లోహభాగం. పదునైన అంచు వాదర. దానికి ఎదురుగా ఉండే మందమైన అంచు వెన్ను. చివరి కొస మొన.

పిడి: చాలా తల్వార్లకు పిడి మొత్తం లోహంతోనే ఉంటుంది. మధ్యలో కాస్త ఉబ్బి ఉండే పట్టు, కింద చేతికి రక్షణగా అడ్డు కమ్మీ, పైన గుండ్రని బిళ్ళ ఉంటాయి. ఈ బిళ్ళను చూసి తల్వారును తేలికగా గుర్తుపట్టవచ్చు. అడ్డు కమ్మీ మధ్యనుంచి అలుగు మీదికి రెండు చిన్న నాలుకలు దిగి ఉంటాయి.

అతుకు: అలుగు కొస పిడిలోకి దిగుతుంది. లోపల లక్కతో చేసిన ముద్దను కరిగించి పోసి బిగించేవారు.

ఒర: చెక్కతో చేసి, పైన తోలు గాని బట్ట గాని తొడిగేవారు. కొన్ని ఒరలకు అడుగున లోహపు తొడుగు ఉంటుంది.

ఉక్కు విషయంలో తెలుగు నేలకు దగ్గరి సంబంధం ఉంది. నేటి తెలంగాణలో నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు ముద్దలను పారశీక వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇటువంటి ఉక్కుతో చేసిన మేలైన అలుగుల మీద నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. అయితే ప్రతి తల్వారుకూ ఈ చారలు ఉండవు. మామూలు కాపలాదారు కత్తికి చారలూ, పిడిమీద బంగారు తీగ పనీ పెడితే అందంగా ఉంటుంది గాని, అబద్ధమవుతుంది. అది ఎవరి కత్తి అనేదే మన మొదటి ప్రశ్న కావాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.1
1. వాదర, వెన్ను – ఈ రెండింటికీ తేడా ఏమిటి?
2. తల్వారును తేలికగా గుర్తుపట్టడానికి తోడ్పడే పిడి భాగం ఏది?
3. అలుగును పిడిలో బిగించడానికి ఏ పదార్థం వాడేవారు?

14.3 కత్తి కథ రాసుకోవడం

నమూనా మొదలుపెట్టే ముందు నోటుపుస్తకంలో పది వాక్యాలకు మించని కథ రాసుకోండి. ఇది గేమ్‌లో కనిపించనక్కరలేదు. మీ చేతికి దారి చూపడానికే ఈ కథ. ఈ పాఠం కోసం మనం ఇలా రాసుకొన్నాం:

“గోల్కొండ కోటను మొగలు సైన్యం 1687లో ముట్టడించింది. సుమారు ఎనిమిది నెలల తరువాత, సెప్టెంబరులో కోట వారి వశమైంది. ఈ కత్తి ఆ కోటలోని ఒక కాపలాదారుది. అతడు కల్పిత వ్యక్తి. ఇరవై ఏళ్ళు ఈ కత్తినే వాడాడు. కుడిచేతివాటం వాడు. పదును తగ్గినప్పుడల్లా తానే నూరుకొని నూనె రాసేవాడు. జూన్ నెలలో జబ్బుపడి, కత్తిని ఒరతో సహా బురుజు గది మూలలో మొన కిందికి ఉండేలా నిలబెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ వానాకాలమంతా పైకప్పునుంచి నీళ్ళు కత్తిమీద కారాయి. కోట పడిన తరువాత ఆట ఆడే వ్యక్తి దాన్ని ఒరలోంచి లాగుతాడు.”

ఈ కథను ఒక్కొక్క వాక్యంగా తీసుకొని, దానివల్ల ఏ గుర్తు ఏర్పడుతుందో చూద్దాం.

(అ) ఇరవై ఏళ్ళు నూరాడు. కాబట్టి అలుగు వెడల్పు తగ్గుతుంది. దెబ్బ ఎక్కువగా పడేది మొనకు దగ్గరి మూడో వంతులో. గంట్లు అక్కడే పడతాయి, అక్కడే ఎక్కువ నూరవలసి వస్తుంది. అందువల్ల వాదర వంపు అక్కడ కొద్దిగా లోపలికి పోతుంది. నూరినవాడు గంట్లను మిగల్చడు. రంపంలా గంట్లు నిండిన వాదర ఈ కాపలాదారుకు తగదు.

(ఆ) చేతితో పట్టుకొన్నాడు. పట్టు ఉబ్బుమీద లోహం నున్నబడి మెరుస్తుంది. అడ్డు కమ్మీ మూలల్లోకి వేళ్ళు చేరవు. అక్కడ చెమట, నూనె, మట్టి కలిసి నల్లని జిడ్డు పేరుకొంటుంది. బిళ్ళ అంచులో మణికట్టుకు తగిలే భాగం మాత్రమే మెరుస్తుంది.

(ఇ) మొన కిందికి పెట్టాడు. పిడిమీద పడిన నీరు జారి ఒర మూతిలోకి పోతుంది. ఒర లోపల దిగి అడుగున నిలుస్తుంది. తోలు, చెక్క తడిని పట్టి ఉంచుతాయి. కాబట్టి మొన దగ్గర తుప్పు అన్నిటికంటే ఎక్కువ. నాలుకల కింద, నీరు చిక్కుకొనే సందులో రెండో స్థానం. అలుగు మధ్యభాగంలో నూనె ఇంకా కొంత కాపాడుతుంది.

(ఈ) ఒక్క వానాకాలమే గడిచింది. కాబట్టి తుప్పు పైపొరలో, నారింజ-గోధుమ రంగులో ఉంటుంది. మొన దగ్గర చిన్న గుంటలు పడి ఉండవచ్చు. లోహం తినివేయబడి కన్నాలు పడదు. అదే కత్తి వందేళ్ళు తడిమట్టిలో ఉంటే ముదురు గోధుమ, నలుపు పొరలు లేచి, ఆకారమే మారిపోయేది.

(ఉ) ఒరలోంచి లాగారు. మెత్తని తుప్పుమీద అలుగు పొడవునా సన్నని కొత్త గీతలు పడతాయి.

చూశారా? ఒక కథ రాసేసరికి ఎక్కడ తుప్పు వేయాలి అనే ప్రశ్నకు జవాబు దానంతట అదే వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడ వేయకూడదో తెలిసింది.

పాఠ్యగత ప్రశ్నలు 14.2
1. కాపలాదారు కత్తిని ఒర లేకుండా, పిడి కిందికి ఉండేలా నిలబెట్టి వెళ్ళి ఉంటే నీరు ఎక్కడ నిలిచేది?
2. తుప్పు పట్టిన అలుగుమీద ఒక గంటు లోపలి భాగం మాత్రం తళతళ మెరుస్తున్నది. గంటు ముందు పడిందా, తుప్పు ముందు పట్టిందా?

14.4 కొలతలు, బొమ్మ

మన నమూనాకు ఈ కొలతలు తీసుకొందాం:

అలుగు పొడవు: 78 సెం.మీ.
అలుగు వెడల్పు, పిడి దగ్గర: 3.5 సెం.మీ.
ఎక్కువగా నూరిన చోట వెడల్పులో తగ్గుదల: 3 మి.మీ.
వెన్ను మందం, పిడి దగ్గర: 6 మి.మీ.
పట్టు పొడవు: 8 సెం.మీ.
బిళ్ళ వ్యాసం: 6.5 సెం.మీ.
అడ్డు కమ్మీ పొడవు: 9 సెం.మీ.

కాగితంమీద 1:4 నిష్పత్తిలో గీయండి. అప్పుడు అలుగు 19.5 సెం.మీ. వస్తుంది. ముందుగా కొత్త కత్తి రూపాన్ని సన్నని గీతతో గీయండి. దానిమీద ఇరవై ఏళ్ళ తరువాతి రూపాన్ని గట్టి గీతతో గీయండి. రెండు గీతల మధ్య ఉన్న ఖాళీయే నూరుడులో పోయిన ఉక్కు. ఆ తరువాత మూడు రంగు పెన్సిళ్ళతో చేయి తాకే చోట్లు, జిడ్డు చేరే చోట్లు, నీరు నిలిచే చోట్లు వేరువేరుగా నింపండి. కంప్యూటరు ముందు కూర్చొన్నప్పుడు ఈ కాగితమే మీ ఆధారం.

పట్టు 8 సెం.మీ. మాత్రమేనా అని మీకు సందేహం రావచ్చు. తల్వారు పట్టు పొట్టిగానే ఉంటుంది. చేయి అడ్డు కమ్మీకీ బిళ్ళకూ మధ్య బిగుతుగా అమరుతుంది. సినిమాలో చూసిన పొడవైన పిడిని గుర్తు తెచ్చుకొని గీస్తే అది వేరే కత్తి అవుతుంది.

14.5 త్రీడీ నమూనా నిర్మాణం

త్రీడీ నమూనా శీర్షాలు, అంచులు, ముఖాలతో ఏర్పడుతుంది. గేమ్ నడిచేటప్పుడు ప్రతి ముఖమూ త్రిభుజాలుగా విడిపోతుంది. కంప్యూటరు ఒక్క సెకనులో ఆ దృశ్యాన్ని 30 లేదా 60 సార్లు గీయాలి. కాబట్టి త్రిభుజాలను పొదుపుగా వాడాలి.

అలుగును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని ఐదు శీర్షాలతో చేయవచ్చు: వెన్నుకు రెండు, ఇరుపక్కలా వాలు మొదలయ్యే చోట ఒక్కొక్కటి, వాదరకు ఒకటి. అలుగు పొడవును 16 భాగాలు చేద్దాం. మొదటి 15 భాగాల్లో ఒక్కొక్కదానికి 5 చతుర్భుజాలు, అంటే 10 త్రిభుజాలు. చివరి భాగం మొన దగ్గర ఒకే శీర్షానికి చేరుతుంది కాబట్టి అక్కడ 5 త్రిభుజాలే.

15 × 10 + 5 = 155 త్రిభుజాలు.

పిడిలోపల దాగే కొసకు ముఖం అవసరం లేదు. కనిపించనిదాన్ని కట్టవద్దు.

అలుగుకు 155 సరిపోతే, పిడికి మాత్రం సుమారు 1,300 కేటాయించండి. ఎందుకంటే పట్టు, బిళ్ళ గుండ్రని ఆకారాలు. త్రిభుజాలు తక్కువైతే అంచులు మూలలు మూలలుగా కనిపిస్తాయి. పైగా ఆడేవారి కంటికి ఎక్కువసేపు దగ్గరగా ఉండేది పిడే. మొత్తం దాదాపు 1,500 త్రిభుజాలలో కత్తి పూర్తవుతుంది.

వాదర అరుగుదలను నమూనాలోనే చేయాలి. శీర్షాలను కాగితంమీది గట్టి గీత ప్రకారం లోపలికి జరపండి. దీన్ని రంగుతో చూపడం కుదరదు. ఆకాశం ముందు కత్తిని ఎత్తి పట్టినప్పుడు అందరికీ కనిపించేది దాని బయటి గీతే. పాఠం కథ ప్రకారం చివరి రోజుల్లో పడి, నూరకుండా మిగిలిన ఒకటి రెండు గంట్లు ఉండవచ్చు. 2 మి.మీ. కంటే లోతైన గంటును కూడా నమూనాలోనే కోయండి.

చిన్న ఎత్తుపల్లాలకు మరో పద్ధతి ఉంది. లక్షల ముఖాలతో వివరమైన నమూనా ఒకటి విడిగా తయారుచేసి, దాని ఎత్తుపల్లాలను తేలిక నమూనాకు బొమ్మ రూపంలో దించుతారు. ఈ పనిని బేకింగ్ అంటారు. అలా వచ్చిన బొమ్మ నార్మల్ మ్యాప్. వెలుతురు ఏ వైపు వంగాలో అది చెబుతుంది. తుప్పు గుంటలు, సుత్తి దెబ్బల ఆనవాళ్ళు ఇందులోకి వస్తాయి.

జాగ్రత్త: గేమ్ ఇంజన్‌లోకి తెచ్చాక గుంటలు బొడిపెల్లా కనిపిస్తే నార్మల్ మ్యాప్‌లోని ఆకుపచ్చ పాయ తిరగబడిందని అర్థం. బ్లెండర్, అన్‌రియల్ ఈ పాయను ఒకదానికొకటి ఎదురుగా చదువుతాయి. పాయను తిప్పితే చాలు. నమూనాను మళ్ళీ చేయనక్కరలేదు.

14.6 టెక్స్చర్ పరిమాణం: ఒక లెక్క

కత్తిమీద రంగు వేయాలంటే ముందు దాని ఉపరితలాన్ని విప్పి చదునుగా పరచాలి. చొక్కా కుట్లు విప్పి బట్ట ముక్కలను నేలమీద పరచినట్లే. దీన్ని యూవీ విప్పడం అంటారు. వంపు అలుగును తిన్నని పట్టీగా పరిస్తే చోటు కలిసివస్తుంది.

2048 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న బొమ్మలో అలుగు పొడవుకు 1,950 పిక్సెళ్ళు కేటాయిద్దాం.

1,950 ÷ 78 = 25. అంటే సెంటీమీటరుకు 25 పిక్సెళ్ళు.

1 మి.మీ. గీతకు 2.5 పిక్సెళ్ళు దక్కుతాయి. గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇదే 1024 వెడల్పు బొమ్మలో అయితే 1.25 పిక్సెళ్ళే. గీత మసకబారుతుంది.

ఇప్పుడు ఎత్తు సంగతి. అలుగు వెడల్పు 3.5 సెం.మీ. × 25 = సుమారు 88 పిక్సెళ్ళు. రెండు పక్కలు, వెన్ను పట్టీ, మధ్య ఖాళీలు కలిపితే 230 వరుసలు చాలు. బిళ్ళ 163 పిక్సెళ్ళు, పట్టు 200 పిక్సెళ్ళు. ఇవన్నీ మరో 280 వరుసల్లో పక్కపక్కన ఒదుగుతాయి. మొత్తం 510. అంటే 2048 × 512 బొమ్మ సరిపోతుంది.

చాలామంది అలవాటుగా 2048 × 2048 చదరపు బొమ్మ తీసుకొంటారు. కుదించకుండా, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున లెక్కిస్తే అది 16 మెగాబైట్లు. మనది 4 మెగాబైట్లు. గేమ్ ఇంజన్లు బొమ్మలను కుదించినా ఈ నాలుగు రెట్ల తేడా అలాగే ఉంటుంది. ఆటలో ఇటువంటి వస్తువులు వందలు ఉంటాయి. తక్కువ ధర ఫోనులో ఆట నడుస్తుందా లేదా అనేది ఇటువంటి లెక్కలమీదే ఆధారపడుతుంది.

చోటు మిగుల్చుకోవడానికి అలుగు రెండు పక్కలకూ ఒకే ముక్కను వాడవచ్చు. కాని అప్పుడు ఒక పక్క ఉన్న మరకే రెండో పక్క కూడా అచ్చు గుద్దినట్లు వస్తుంది. కాబట్టి అలుగు పక్కలను వేరుగా ఉంచండి. ఎవరూ పోల్చి చూడని నాలుకలకు మాత్రం ఒకే ముక్క వాడండి.

పాఠ్యగత ప్రశ్నలు 14.3
1. వాదర అరుగుదలను రంగుతో కాక నమూనాలోనే ఎందుకు చేయాలి?
2. అలుగు పొడవు 60 సెం.మీ., దానికి కేటాయించినవి 1,500 పిక్సెళ్ళు. 2 మి.మీ. గీతకు ఎన్ని పిక్సెళ్ళు వస్తాయి?

14.7 పొరలు: జరిగిన వరుసలోనే

వెలుతురు వస్తువుమీద ఎలా ప్రవర్తించాలో గేమ్ ఇంజన్‌కు చెప్పడానికి ముఖ్యంగా మూడు విషయాలు కావాలి: రంగు, లోహత్వం, గరుకుతనం. లోహత్వం 1 అంటే లోహం, 0 అంటే లోహం కానిది. గరుకుతనం 0 వైపు పోయేకొద్దీ అద్దంలా మెరుస్తుంది, 1 వైపు పోయేకొద్దీ మెరుపు చచ్చిపోతుంది. ఈ కింది విలువలతో మొదలుపెట్టి, కంటికి సరిపడేలా మార్చుకోండి:

చేయి తగిలి నున్నబడిన ఉక్కు: లోహత్వం 1, గరుకుతనం 0.25
సాన పట్టిన ఉక్కు: లోహత్వం 1, గరుకుతనం 0.4
జిడ్డు, మట్టి: లోహత్వం 0, గరుకుతనం 0.6
తుప్పు: లోహత్వం 0, గరుకుతనం 0.9

తుప్పుకు లోహత్వం 0 ఎందుకు? తుప్పు ఇనుము కాదు. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి ఏర్పడిన వేరొక పదార్థం. అది లోహంలా మెరవదు. ఇక్కడ 1 పెడితే తుప్పు రాగి రేకులా కనిపిస్తుంది.

ఇక పొరలు. కథలో ఏది ముందు జరిగిందో ఆ పొర ముందు వేయాలి.

మొదటి పొర – శుభ్రమైన ఉక్కు. కమ్మరి చేతినుంచి వచ్చిన రోజు కత్తి ఎలా ఉండేదో అలా.
రెండో పొర – నూరిన గీతలు. వాదర పక్కన మాత్రమే, ఒకే వైపుకు వాలినవి. చేతితో నూరినవాడు ఒకే వాటంలో నూరుతాడు. అన్ని దిక్కులకూ గీతలు పోనివ్వవద్దు.
మూడో పొర – చేతి మెరుపు, మూలల జిడ్డు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. మెరిసే చోట జిడ్డు ఉండదు.
నాలుగో పొర – తుప్పు. మొన దగ్గర దట్టంగా మొదలై, పైకి పోయేకొద్దీ చుక్కలుగా విడిపోవాలి. నాలుకల కింద మళ్ళీ కొద్దిగా. పిడిమీద నీరు కారిన దారిలో సన్నని చారలు.
ఐదో పొర – లాగినప్పటి గీతలు. అలుగు పొడవునా. తుప్పును చీల్చుకొని కింది ఉక్కు కనిపించాలి. అంటే గీతలో లోహత్వం మళ్ళీ 1 అవుతుంది.

రెండో పొరనూ ఐదో పొరనూ పోల్చండి. రెండూ గీతలే. మొదటివి తుప్పు కింద ఉన్నాయి, రెండోవి తుప్పు మీద ఉన్నాయి. ఈ ఒక్క తేడాతో చూసేవారికి కాలం తెలుస్తుంది. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఈ కత్తిని చూసుకొన్నాడు, తరువాత ఎవరూ చూడలేదు, ఇప్పుడే ఎవరో లాగారు. ఒక్క మాట రాయకుండా కాపలాదారు కథ చెప్పగలిగారు.

అంచులన్నిటికీ ఒకేసారి అరుగుదల పెట్టే సాధనాలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. వాడవచ్చు, తప్పు లేదు. కాని వాడిన తరువాత ప్రతి అంచు దగ్గరా ఆగి, “ఇక్కడ ఏది తగిలింది?” అని అడగండి. కొన్ని చోట్ల చేయి గాని, ఒర గాని తగలవు. అక్కడి మెరుపును తుడిచేయండి. జవాబు లేని గుర్తును చెరపడం కూడా పనిలో భాగమే.

14.8 పరీక్షించి అప్పగించడం

నమూనా పూర్తయ్యాక ఈ ఐదు విషయాలు సరిచూసుకోండి.

1. మీటర్లలో కొలత సరిగా ఉందా? మనిషి బొమ్మ పక్కన పెట్టి చూడండి.
2. నమూనా మూలబిందువు పట్టు మధ్యలో ఉందా? గేమ్‌లో చేయి అక్కడే పట్టుకొంటుంది. మూలబిందువు మొన దగ్గర ఉంటే మనిషి కత్తిని మొన దగ్గర పట్టుకొని కనిపిస్తాడు.
3. ఎండలోనూ, దీపం వెలుతురులోనూ తిప్పి చూశారా? గరుకుతనంలోని తప్పులు కత్తి కదిలినప్పుడే బయటపడతాయి.
4. దూరంనుంచి చూస్తే తల్వారు అని తెలుస్తున్నదా? తెలియకపోతే లోపం ఆకారంలో ఉంది, రంగులో కాదు.
5. ఏ గుర్తునైనా చూపించి “ఇది ఎందుకు?” అని అడిగితే మీ దగ్గర జవాబు ఉందా?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. మీరు ఎవరికైనా పని చూపించేటప్పుడు పూర్తయిన బొమ్మతోపాటు కత్తి కథనూ, రంగు పెన్సిళ్ళతో నింపిన కాగితాన్నీ జతచేయండి. మీ ఆలోచనను అవి చూపిస్తాయి. మ్యూజియంలో వస్తువులను చూసి గీసుకొన్న బొమ్మలు కూడా పెట్టండి. అక్కడ ఫొటో తీసే ముందు సిబ్బంది అనుమతి అడగడం మరవకండి. ఇతరుల ఫొటోలను అనుమతి లేకుండా టెక్స్చర్లుగా వాడకండి.

14.9 మీరు ఏం నేర్చుకొన్నారు?

• వాడిన వస్తువుమీది ప్రతి గుర్తుకూ ఒక కారణం ఉంటుంది. తయారీలో కథ ముందు, గుర్తులు తరువాత.
• తల్వారుకు వంపు అలుగు, పొట్టి పట్టు, అడ్డు కమ్మీ, గుండ్రని బిళ్ళ ముఖ్య లక్షణాలు.
• బయటి గీతను మార్చే అరుగుదలను నమూనాలోనే చేయాలి. చిన్న ఎత్తుపల్లాలను నార్మల్ మ్యాప్‌లోకి దించాలి.
• టెక్స్చర్ పరిమాణాన్ని అలవాటు ప్రకారం కాక లెక్క ప్రకారం నిర్ణయించాలి.
• తుప్పు లోహం కాదు. దాని లోహత్వం 0.
• పొరలను జరిగిన వరుసలోనే వేయాలి.

14.10 పాఠాంత అభ్యాసం

1. మీ కత్తిపీట లేదా కొడవలి మీద కనీసం ఆరు గుర్తులను గుర్తించి, ఒక్కొక్కదాని కారణాన్ని ఒక వాక్యంలో రాయండి.
2. ఒక పడవ నడిపే మనిషి దగ్గర ఉన్న కత్తికి పది వాక్యాలలోపు కథ రాయండి. ఉప్పునీరు తుప్పును త్వరగా పెంచుతుందని గుర్తుంచుకొని, ఏర్పడే గుర్తుల జాబితా తయారుచేయండి.
3. అలుగును 12 భాగాలు చేసి, అడ్డుకోతకు 5 శీర్షాలే వాడితే ఎన్ని త్రిభుజాలు వస్తాయి?
4. మీ ఊరిలో కొలిమి గాని, సాన పట్టేవారు గాని ఉంటే వెళ్ళి అరగంట గమనించండి. నూరేటప్పుడు అలుగును ఏ వాలుగా పట్టుకొంటారో, గీతలు ఏ దిక్కుకు పడతాయో బొమ్మతో వివరించండి.

14.11 జవాబులు

14.1
1. వాదర పదునైన, కోసే అంచు. వెన్ను దానికి ఎదురుగా ఉండే మందమైన అంచు.
2. పిడి పైన ఉండే గుండ్రని బిళ్ళ.
3. లక్కతో చేసిన ముద్ద.

14.2
1. నీరు అలుగుమీదుగా పిడి వైపు జారి, అడ్డు కమ్మీ దగ్గర, నాలుకల సందులో నిలిచేది. అందువల్ల తుప్పు అక్కడ ఎక్కువగా, మొన దగ్గర తక్కువగా ఉండేది.
2. తుప్పు ముందు పట్టింది. గంటు తరువాత పడింది. గంటు ముందే పడి ఉంటే దాని లోపల కూడా తుప్పు పట్టి ఉండేది.

14.3
1. కత్తి బయటి గీతను రంగు మార్చలేదు. అది నమూనా ఆకారంనుంచే వస్తుంది.
2. 1,500 ÷ 60 = సెం.మీ.కు 25 పిక్సెళ్ళు. కాబట్టి 2 మి.మీ. గీతకు 5 పిక్సెళ్ళు.

పాఠాంత అభ్యాసం, ప్రశ్న 3: 11 × 10 + 5 = 115 త్రిభుజాలు. మిగిలిన ప్రశ్నలకు జవాబులు మీ పరిశీలనలోనే ఉన్నాయి. రాసినవాటిని మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకులకు చూపించి, ప్రతి గుర్తుకూ “ఇది ఎందుకు?” అని అడగమనండి.